దానిమ్మ: పొలం గెట్టు మీది అపోహలు - వాస్తవాలు

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. బస్సెక్కితే కాసేపటికే తెలంగాణ మద్నూర్ వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, మార్కెట్లో మరాఠీ, తెగులు వచ్చినప్పుడు తిట్లు రెండింట్లోనూ. మేనత్త వాళ్లు సోలాపూర్‌లో మగ్గాల వాళ్లు. అక్కడికి పోయినప్పుడల్లా సాంగోలా వైపు తోటలు చూసి చూసి, ఆశ పుట్టి, నేనూ రెండెకరాల్లో దానిమ్మ పెట్టాను. పన్నెండేళ్లయింది. అప్పటి నుంచి పక్క రైతులూ చుట్టాలూ తిప్పి తిప్పి అడిగేవి ఇవే.

అపోహ: దానిమ్మ మొండి చెట్టు, ఎక్కడ పెట్టినా బతుకుతుంది.

ఎండకు మొండిదే, ఒప్పుకుంటాను. సాంగోలా లాంటి వాన తక్కువ పడే చోట, రాళ్ల నేలలో కూడా కాస్తుంది. తడి దగ్గరే దాని సుకుమారం బయటపడుతుంది. మన నల్లరేగడి నీళ్లు పట్టుకుంటే వదలదు, ఆ బురదలో దానిమ్మ వేరుకు ఊపిరాడదు. ఈ సంగతి నాకు మూడో ఏడు తెలిసింది. ముసురు పట్టిన వారం తర్వాత ఒక చెట్టుకు ఒకే కొమ్మ పసుపు తిరిగింది. నత్రజని తక్కువైందనుకుని యూరియా వేశాను. ఇరవై రోజుల్లో చెట్టంతా ఎండింది. ఆ తర్వాత అదే సాలులో పక్కది, దాని పక్కది. మొదలు అడ్డంగా కోసి చూస్తే తెల్లగా ఉండాల్సిన చేవ మధ్యలో గోధుమ నలుపు మరక, నక్షత్రం గీసినట్టు. అదే ఎండు తెగులు, మరాఠీలో మర్ అంటారు. ఎక్కువగా సెరటోసిస్టిస్ అనే బూజు పని. మట్టి ద్వారా, వేరుకు వేరు తగిలి, కాండానికి సన్న రంధ్రాలు చేసే పురుగు ద్వారా పాకుతుంది. అప్పటికే నేను చచ్చిన చెట్టును ట్రాక్టర్‌కు కట్టి తోట మధ్య నుంచి ఈడ్చాను. తెగులును ఊరేగించినట్టయింది.

ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తాను. రేగడిలో పెట్టక తప్పదంటే అడుగున్నర, రెండడుగుల ఎత్తు కట్ట పోసి దాని మీదే నాటండి. వరుసల మధ్య 15 అడుగులు, మొక్కల మధ్య 10 అడుగులు వదిలితే ఎకరాకు దాదాపు 290 మొక్కలు వస్తాయి. ఇంకో యాభై ఇరికించాలని చూడకండి. డ్రిప్ ఉంది కదా అని రోజూ వాల్వు తిప్పకండి. వేలు లోపలికి గుచ్చి చూడండి, మట్టి ఉండ కడితే ఆ రోజుకు నీళ్లు వద్దు.

అపోహ: తేల్యా గాలివానతో వస్తుంది, మన చేతుల్లో ఏమీ లేదు.

కాయ మీద నల్ల మచ్చ, దాని చుట్టూ నూనె చుక్క పడ్డట్టు మెరుపు, తర్వాత మచ్చ మధ్యలో చీలిక. నూనె మరకలా కనిపిస్తుంది కాబట్టే మరాఠీ వాళ్లు తేల్యా అన్నారు. ఇది బ్యాక్టీరియా తెగులు. వాన చినుకుల తుంపర్లతో పాకే మాట నిజమే. అయితే తోటలోకి మొదటిసారి తెచ్చేది చాలాసార్లు మనమే. నేను తెచ్చింది చవగ్గా దొరికిన అంటు మొక్కలతో. తల్లి చెట్టును చూడలేదు, ధర మాత్రమే చూశాను. రెండో దారి కత్తెర. కత్తిరింపుల ముఠా నిన్న ఎవరి తోటలో పని చేసిందో అడిగామా? చెట్టు చెట్టుకూ కత్తెరను 2.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ముంచమంటే విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

అపోహ: ఏడాదికి మూడు బహార్లు తీయొచ్చు.

బహార్ అంటే పూత తెప్పించి తీసే కాపు. మృగ్, హస్త, అంబే అనే మూడు కాలాల్లో పూత తెప్పించే వీలుంది. అంటే మూడింట్లో ఒకటి ఎంచుకోమని. మృగ్, హస్త మన కార్తెలే: మృగశిర, హస్త. అంబే అంటే మామిడి పూసే వేళ, జనవరి, ఫిబ్రవరి. భగువా రకం పూత నుంచి కోతకు దాదాపు ఆరు నెలలు తీసుకుంటుంది. ఆపైన చెట్టుకు మూడు, నాలుగు నెలల విశ్రాంతి కావాలి. మూడు కాపులకు చోటెక్కడ? మృగశిరలో పట్టిన కాయ వానల్లో పెరుగుతుంది కాబట్టి తేల్యా ఎక్కువ. హస్త కాయ పొడి చలిలో పెరుగుతుంది, తెగులు తక్కువ. కానీ అప్పటికి రేగడి ఆరదు, చెట్టును బెట్టకు తేవడం, అంటే పూత కోసం నీళ్లు ఆపి ఎండబెట్టడం, కష్టం. నేను అంబేకే మొగ్గుతాను, వేసవి నీటికి బోరు మీద ఆధారపడుతూ.

అపోహ: పూలు రాలుతున్నాయంటే ఏదో జబ్బు.

రాలిన పువ్వు అడుగు చూడండి. గంటలా సన్నగా ఉంటే మగ పువ్వు, అది రాలాల్సిందే. అడుగు కుండలా ఉబ్బినవి రాలితే అప్పుడు టెన్షన్ పడండి.

అపోహ: కాయ పగిలితే బోరాన్ కొడితే చాలు.

లోపముంటే బోరాన్ పనిచేస్తుంది. కానీ నేను చూసిన పగుళ్లలో ఎక్కువ భాగం పది రోజులు ఎండబెట్టి, కరెంటు రాగానే రాత్రంతా నీళ్లు వదిలినవే. తొక్క బిగుసుకుని ఉంటుంది, లోపల గింజ ఒక్కసారిగా ఉబ్బుతుంది.

అపోహ: ఎర్రగా ఉంటేనే పండు. పచ్చిది ఇంట్లో పెట్టినా పండుతుంది.

రంగు రకాన్ని బట్టి ఉంటుంది. 1936లో పుణేలో ఎంపిక చేసిన గణేశ్ గింజ లేత గులాబీ రంగులో ఉన్నా తియ్యనిదే. ఇక దానిమ్మ అరటిలా కోశాక పండే రకం కాదు. చెట్టు మీద ఎంతుందో అంతే. కొనేటప్పుడు బరువు చూడండి. గుండ్రం పోయి పక్కలు కాస్త పలకలు తేలాలి.

అపోహ: దానిమ్మ తింటే రక్తం పడుతుంది.

అత్త ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే: "కోడలికి హిమోగ్లోబిన్ ఎనిమిదట్రా, ఒక పెట్టె పంపు." పెట్టె పంపాను, డాక్టరు రాసిన ఇనుము బిళ్లలు మానొద్దనీ చెప్పాను. గింజల ఎరుపు ఆంథోసైనిన్ అనే రంగుది, రక్తానికీ దానికీ చుట్టరికం లేదు. పోషక పట్టికల్లో 100 గ్రాముల గింజలకు ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. సోలాపూర్‌లోని జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం ఇనుము, జింకు ఎక్కువుండేలా సోలాపూర్ లాల్ రకాన్ని తెచ్చింది. బండి మీద దొరికేది ఎక్కువగా భగువానే. అయినా తినమనే అంటాను. విటమిన్ సి ఉంది, పప్పులోనో ఆకుకూరలోనో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది.

అపోహ: షుగర్ ఉన్నా జ్యూస్ ఎంతైనా తాగొచ్చు.

తాగకూడదు. 100 గ్రాముల గింజల్లో 13, 14 గ్రాముల చక్కెర, 4 గ్రాముల పీచు. వడగడితే పీచు బట్టలో ఉండిపోతుంది, చక్కెర గ్లాసులోకి దిగుతుంది. గుప్పెడు గింజలు నమిలి తినడం వేరు. బీపీకి, రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు రోజూ జ్యూస్ మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి.

అపోహ: పండు కంటే తొక్క పొడి ఎక్కువ బలం, రక్తానికి ఇంకా మంచిది.

ఇప్పుడు ప్యాకెట్లలో పెట్టి మరీ అమ్ముతున్నారు. తొక్క నిండా టానిన్. అది ఇనుమును పట్టేసి ఒంట్లోకి పోనివ్వదు. వేరు బెరడు కషాయం జోలికైతే అసలు వెళ్లొద్దు, అందులో విషపదార్థాలున్నాయి. మగ్గాల ఇళ్లలో పాతవాళ్లకు తొక్క విలువ తెలుసు, నూలుకు పసుపు రంగు వేయడానికి. ఇంకా నమ్మకం కుదరకపోతే పాత ఇనుప కత్తితో పచ్చి తొక్కను కోసి కాసేపు అలాగే ఉంచండి. కత్తి అంచు, మీ బొటనవేలు రెండూ సిరా పూసినట్టు నల్లబడతాయి.