లైమ్ బేలో పుట్టిన సంతకం: స్కూలు యాత్రల అనుమతుల వెనక కథ

పిల్లలను బడి నుంచి బయటికి తీసుకెళ్లడానికి ఇన్ని ఫారాలు, ఇన్ని సంతకాలు ఎందుకన్న వాదన మళ్లీ రాజుకుంది. ఈ భారం చూసి ఉపాధ్యాయులు యాత్రలే మానుకుంటున్నారని ఒక పక్షం అంటోంది. ఆ ఫారాలు ఊరికే రాలేదని రెండో పక్షం గుర్తుచేస్తోంది. యాత్రల వల్ల పిల్లలకు మేలు జరుగుతుందన్నది ఇద్దరూ ఒప్పుకునే మాటే కాబట్టి దాని జోలికి వెళ్లనక్కర్లేదు. బ్రిటన్‌లో సాహస క్రీడల కేంద్రాలకు లైసెన్సు ఎందుకు తప్పనిసరి అయిందో తెలిస్తే గొడవలో సగం విడిపోతుంది. అందుకు 1993 మార్చి 22 దగ్గరికి వెళ్లాలి.

ఆ ఉదయం ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, లైమ్ బే అనే అఖాతం ఒడ్డున ఉన్న లైమ్ రీజిస్ పట్టణం నుంచి పదకొండు మంది, తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలైన కయాక్‌లలో బయలుదేరారు. వారిలో ఎనిమిది మంది ప్లిమత్ నగరానికి చెందిన ఒక పాఠశాల విద్యార్థులు, ఒకరు వారి ఉపాధ్యాయుడు, ఇద్దరు సాహస క్రీడల కేంద్రం శిక్షకులు. తీరం వెంబడే కొద్ది మైళ్లు వెళ్లి చార్మత్ చేరాలి. బయలుదేరిన కాసేపటికే ఉపాధ్యాయుడి కయాక్ బోల్తా పడింది. సరిచేస్తే మళ్లీ పడింది. ఒక శిక్షకుడు ఆయనతో ఉండిపోగా, రెండో శిక్షకురాలు పిల్లల కయాక్‌లన్నిటినీ పక్కపక్కన చేర్చి తెప్పలా పట్టుకోమంది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తోంది. అది తెప్పను లోపలికి తోసుకుపోయింది.

కయాక్‌లో కూర్చున్నవారి నడుము చుట్టూ బిగించి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే మూత ఒకటి ఉంటుంది. చూడటానికి చిన్న వస్తువే. పిల్లల కయాక్‌లకు అది లేదు. వచ్చిన ప్రతి అల కొంత నీటిని లోపలికి పోసి వెళ్లింది, పడవలు ఒకటొకటిగా నిండిపోయాయి. ఆపదలో ఉన్నామని తెలిపేందుకు ఆకాశంలోకి వదిలే సంకేత జ్వాలలు ఎవరి దగ్గరా లేవు. మధ్యాహ్నానికే చేరాల్సినవారు రాలేదని తీర రక్షక దళానికి కబురు అందేసరికి మూడు గంటలు దాటింది. మార్చి నెల చలి నీటిలో ఆ పిల్లలు గంటల తరబడి ఒకరినొకరు పట్టుకుని తేలారు. నలుగురు చనిపోయారు.

ఇంతవరకు అయితే దీన్ని వాతావరణం మీదకు నెట్టేసేవారేమో. అలా కాకుండా అడ్డుపడింది ఒక ఉత్తరం. ప్రమాదానికి కొన్ని నెలల ముందే ఆ కేంద్రంలో పనిచేసి మానేసిన ఇద్దరు శిక్షకులు, సంస్థ మేనేజింగ్ డైరెక్టర్‌కు రాశారు. మీ భద్రతా ప్రమాణాలను ఒకసారి గట్టిగా చూసుకోండి, లేకపోతే ఎవరి కొడుకో కూతురో ఇంటికి ఎందుకు రావడం లేదో మీరు వివరించుకోవాల్సి వస్తుంది అన్నది దాని సారాంశం. కేంద్రం తీరు మారలేదు. ఆ రోజు సముద్రం మీదకు పంపిన శిక్షకులకు ఉన్నది ప్రాథమిక స్థాయి అర్హత మాత్రమే.

1994 డిసెంబరులో వించెస్టర్ కోర్టు ఆ సంస్థను, అంటే ఓఎల్ఎల్ లిమిటెడ్‌ను, నరహత్య నేరం కింద దోషిగా తేల్చింది. ఇంగ్లండ్‌లో ఒక కంపెనీకి ఈ నేరం రుజువు కావడం అదే మొదటిసారి. 1987లో బెల్జియంలోని జీబ్రగ్ రేవు దగ్గర ఓడ బోల్తా పడి 193 మంది చనిపోయినప్పుడు కూడా కంపెనీపై కేసు నిలవలేదు. పెద్ద సంస్థలో ఫలానా తప్పు ఫలానా పైఅధికారికి తెలుసని చూపించడం కష్టమైంది. ఇక్కడ సంస్థ చిన్నది, ఉత్తరం నేరుగా యజమాని స్థానంలో ఉన్న వ్యక్తికే చేరింది. ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష పడింది, అప్పీలులో అది రెండేళ్లయింది. సంస్థకు 60,000 పౌండ్ల జరిమానా వేశారు.

కోర్టు తీర్పుకన్నా తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నే ఇప్పటి వాదనకు దగ్గరిది. ఇలాంటి కేంద్రాన్ని ఎవరైనా తెరవవచ్చా? అప్పటికి తెరవవచ్చు. నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, బయటివారు వచ్చి చూడాలన్న నియమం లేదు. పిల్లలను అప్పగించే బడికి కేంద్రం సామర్థ్యం తేల్చుకునే అధికారిక ఆధారం ఏదీ లేదు. స్వచ్ఛంద నియమాలు చాలని ప్రభుత్వం మొదట భావించింది. కుటుంబాలు వెనక్కి తగ్గలేదు. ప్లిమత్ ఎంపీ డేవిడ్ జేమీసన్ సొంతంగా బిల్లు పెట్టారు, 1995లో అది చట్టమైంది. 1996 నుంచి పద్దెనిమిదేళ్లలోపువారికి రుసుము తీసుకుని గుహల అన్వేషణ, కొండలెక్కడం, కష్టతరమైన ప్రాంతాల్లో కాలినడక, జల క్రీడలు నేర్పేవారు తనిఖీకి నిలబడి లైసెన్సు పొందాల్సి వచ్చింది.

అయితే ఒక బడి తన విద్యార్థులను తన ఉపాధ్యాయులతోనే తీసుకెళ్తే ఈ లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపు మామూలు యాత్రలకు సబబే, కానీ నీరు, వాలు, వాతావరణం ఎవరు తీసుకొచ్చారని అడగవు. 2002 మేలో ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న గ్లెన్‌రిడింగ్ వాగులో, బడి సొంతంగా నడిపిన యాత్రలో, మడుగులోకి దూకిన పదేళ్ల బాలుడు చనిపోయాడు. నాయకత్వం వహించిన ఉపాధ్యాయుడికి మరుసటి ఏడాది పన్నెండు నెలల శిక్ష పడింది. ఉపాధ్యాయులు భయపడ్డారు. 2004లో ఒక పెద్ద ఉపాధ్యాయ సంఘం, యాత్రలకు వెళ్లవద్దని తన సభ్యులకు సలహా ఇచ్చింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఒక నిర్ణయం తప్పితే జైలు తలుపు కనిపించే పనిని ఎవరు మాత్రం సంతోషంగా నెత్తికెత్తుకుంటారు?

ఆ భయమే ఫారాలను లావెక్కించింది. యాత్ర ఏదైనా ఒకటే పత్రం, మ్యూజియంకు వెళ్లినా నదిలో దిగినా అవే గళ్లు. 2010లో బ్రిటన్ భద్రతా నియమాలను సమీక్షించిన లార్డ్ యంగ్ నివేదిక ఈ భారాన్ని తగ్గించమని చెప్పింది, లైసెన్సు విధానాన్నే ఎత్తివేసి దాని స్థానంలో ఆచరణ నియమావళి తెమ్మంది. మరుసటి ఏడాది ప్రభుత్వ ఆరోగ్య, భద్రతా విభాగం కూడా కాగితాల మీద కాక అసలైన ప్రమాదాల మీద దృష్టి పెట్టమని బడులకు చెప్పింది. ఆ విభాగం చెప్పిన మాటలో న్యాయముంది. లైసెన్సు ఎత్తివేత మాత్రం అమలు కాలేదు, అది నేటికీ ఉంది.

కాగితాల భారాన్నీ అసలైన భద్రతనూ కలిపి చూడటం వల్లనే ఇప్పటి వాదన దారి తప్పుతోంది. లైమ్ బేలో లోపించింది కాగితం కాదు. గాలి ఎటు వీస్తోందో చూసి ఈరోజు వద్దనగల అనుభవం, నడుము మూత, సంకేత జ్వాల, రావాల్సిన వేళకు రాకపోతే ఎన్ని నిమిషాల్లో ఎవరు ఫోను చేయాలన్న ముందస్తు ఏర్పాటు లోపించాయి. మంచి అనుమతి ఫారం అడిగేవి ఇవే: వాతావరణం మారితే రెండో పథకం ఏమిటి, శిక్షకుడి అర్హత ఈ నీటికి సరిపోతుందా, వెంట వెళ్లిన పెద్దవారు ఒకరు ఒక బిడ్డతో చిక్కుకుపోతే మిగతావారిని ఎవరు చూస్తారు. ఆ రోజు సముద్రం మీద జరిగింది సరిగ్గా ఈ చివరిదే. చిక్కుకున్నది మాత్రం బిడ్డ కాదు, ఉపాధ్యాయుడు.

ఫారాలు తగ్గించాలనేవారు ఇప్పుడు ఏ గళ్లు తీసేయమంటున్నారో చెప్పడం లేదు. ఈ మూడు ప్రశ్నలూ ఉంటాయా, పోతాయా అన్నది ఇంకా తేలాల్సి ఉంది.