పాత్ర గతం మీద ఎవరి మాట చెల్లాలి? బ్యాక్‌స్టోరీ గురించి అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో వారాంతాల్లో నేను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడిపిస్తుంటాను. నలుగురైదుగురు కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు. మాటలతో, పాచికలతో కథ నడుస్తుంది. ఊళ్లు, శత్రువులు, దారిలో ఎదురయ్యే మనుషులు, ఇలా మిగతా లోకమంతా గేమ్ మాస్టర్‌గా నా బాధ్యత. ఇప్పుడు ఆడుతున్న కథ ఉదయగిరి ముట్టడి నాటిది. 1513లో శ్రీకృష్ణదేవరాయల సేన ఉదయగిరి దుర్గాన్ని చుట్టుముట్టింది, 1514లో గజపతుల చేతిలోంచి కోట జారిపోయింది. ఆ నెలల్లో కొండ కింద బతికిన మామూలు జనమే మా పాత్రలు.

పాచిక తిరగబడి పాత్ర దెబ్బతింటే ఎవరైనా సర్దుకుంటారు. పాత్ర గతాన్ని ఇంకొకరు తమకు తోచినట్టు తిప్పేస్తే మాత్రం బాధపడతారు, కొందరు ఆటకే దూరమవుతారు. అందుకే ఈ విషయం నాకు చాలా ముఖ్యం.

అపోహ: నా పాత్ర గతం నాది. ఇంకెవరూ వేలు పెట్టకూడదు.

వాస్తవం: గతంలో మీకే చెందే భాగం ఒకటుంది. పాత్ర ఏం చేసింది, ఎందుకు చేసింది, ఎవరిని ప్రేమించింది అన్నది మీరు చెప్పాల్సిందే. కానీ ఆ తర్వాత లోకంలో ఏం జరిగిందన్నది అందరూ కలిసి అల్లుకోవాలి. వదిలొచ్చిన ఊరు ఏమైంది, అప్పిచ్చినవాడు ఇంకా వెతుకుతున్నాడా, కొట్లాడి వెళ్లిపోయిన స్నేహితుడు ఎటు చేరాడు? ఇవన్నీ మీ ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ గతం కాగితం మీదే ఉండిపోతుంది. ఆటలోకి రాదు.

మా దగ్గర ఒక తమ్ముడు గొర్రెల కాపరి పాత్ర తీసుకున్నాడు. కొండ మీది దొంగదారులన్నీ తెలిసినవాడు. ముట్టడి మొదలవగానే వాళ్లన్న ఇల్లు విడిచిపోయాడని ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. "మీ అన్నను నేను వాడుకోవచ్చా?" అని అడిగాను. "వాడుకో అక్కా, కానీ చంపేయబాక" అన్నాడు. అంతే మా ఒప్పందం. తర్వాతి సెషన్‌లో ఆ అన్న రాయల సైనికుల మధ్య కనిపించాడు. అప్పుడు ఇంకో ప్లేయర్ అడిగింది: "ఆయన వెళ్లిన రోజు మీ ఇద్దరూ ఎందుకు గొడవపడ్డారు?" తమ్ముడు కాసేపు ఆలోచించి, "గొడవేం లేదు. నేనే పంపించా. దారి చూపిస్తే కూలి ఇస్తామన్నారని" అన్నాడు.

కథ అక్కడ తిరిగింది. అన్న ఎక్కడ తేలాడో నేను చెప్పాను, ప్రశ్న ఇంకొకరు వేశారు, జవాబు మాత్రం పాత్ర సొంతదారుడే ఇచ్చాడు. ప్రశ్నలో దాగిన ఊహను కాదనే హక్కు కూడా అతనికే ఉంది. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ మలుపు రాయలేరు.

అపోహ: పాత్ర గతం రాసిన కాగితం గేమ్ మాస్టర్ చేతికిచ్చాక ఇక గేమ్ మాస్టర్ ఇష్టం.

వాస్తవం: కాదు. వేరే చోట ఆడి మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి తన పాత్రకు ఒక చెల్లెలు ఉందని, ఆమె కోసమే పాత్ర పోరాడుతోందని రాసుకుంది. అక్కడి గేమ్ మాస్టర్ ఒక మాటైనా అడక్కుండా ఆ చెల్లెల్ని ద్రోహిని చేశాడు. వినడానికి మంచి ట్విస్టే. కానీ ఆ పాత్ర ఎందుకు బతుకుతోందో ఆ కారణమే పోయింది. ఆమె ఆ ఆట మానేసింది, నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

అపోహ: ముందే అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది.

వాస్తవం: ఎవరి జోలికి వస్తానో చెప్తాను, ఏం చేస్తానో చెప్పను. కాపరి వాళ్లన్న కథలోకి వస్తాడని ఆ తమ్ముడికి తెలుసు. ఎప్పుడొస్తాడో, ఎవరి పక్షాన వస్తాడో తెలీదు. సెషన్ మొదలైనప్పటి నుంచీ ఎదురుచూపే! అడిగి అనుమతి తీసుకున్నందువల్ల టెన్షన్ పెరిగిందే తప్ప తగ్గలేదు.

అపోహ: బ్యాక్‌స్టోరీ ఎంత పొడవుంటే ఆటగాడికి అంత శ్రద్ధ ఉన్నట్టు.

వాస్తవం: ఒక పేజీ చాలు. కొన్ని ఖాళీలు కావాలనే వదలండి. 2012లో వచ్చిన 'డంజన్ వరల్డ్' ఆట గేమ్ మాస్టర్‌కి చెప్పే సూత్రాల్లోనే ఖాళీలు వదలమని ఉంది.

అపోహ: గతాన్ని పంచుకోవడం ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్.

వాస్తవం: ఈ తరహా ఆటలకు మొదలైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. మూడేళ్లకే, 1977లో, 'ట్రావెలర్' ఆట పాత్ర గతాన్ని పాచికల చేతిలో పెట్టింది. ఉద్యోగంలో ఒక్కో విడత గడిచేకొద్దీ పాచిక వేయాలి. అది సరిగా పడకపోతే ఆట మొదలవకముందే పాత్ర చచ్చిపోవచ్చు! 2013 నాటి 'ఫేట్ కోర్'లో ప్రతి ఒక్కరూ ఇంకొకరి పాత సాహసంలో తమ పాత్ర ఏం చేసిందో రాస్తారు. నాకు ఈ పద్ధతి అన్నిటికన్నా ఇష్టం. కొత్తవాళ్లతో మొదలుపెట్టేటప్పుడు ఇదే చేయిస్తాను, ఎందుకంటే మొదటి రోజే పాత్రల మధ్య చుట్టరికాలు, పాత బాకీలు ఏర్పడిపోతాయి.

అపోహ: ఆటగాళ్ల చేతికిస్తే గతంలో అన్నీ తమకు అనుకూలంగా రాసేసుకుంటారు.

వాస్తవం: దానికి వెల పెట్టొచ్చు. 'బ్లేడ్స్ ఇన్ ద డార్క్' ఆటలో ఫ్లాష్‌బ్యాక్ అనే నియమం ఉంది. "ఈ కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చాను" అని ఆట మధ్యలో చెప్పుకోవచ్చు. సులువైన పని అయితే ఖర్చేమీ ఉండదు, చిక్కు పనైతే పాత్ర మీద స్ట్రెస్, అంటే ఒత్తిడి లెక్క, పెరుగుతుంది. మా బల్ల దగ్గర మేం పాటించేది ఇంకొకటి ఉంది: కష్టం ఒకరు పెడితే పరిష్కారం ఇంకొకరు చెప్పాలి. రెండూ ఒకరే రాసుకుంటే వాళ్లకే విసుగొస్తుంది.

అపోహ: చరిత్ర మీద ఆడేటప్పుడు గతం ముందే ఖరారై ఉంటుంది.

వాస్తవం: పెద్ద సంగతులు ఖరారే. ఉదయగిరి నుంచి రాయలు బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకెళ్లి హంపీలో గుడి కట్టించి నిలిపాడు. దాన్ని మేం మార్చం. విగ్రహం కొండ దిగుతుంటే చూసిన మంత్రసాని ఏం అనుకుంది, ఎవరిని తిట్టుకుంది అన్నది ఆ పాత్ర ఆడే అమ్మాయిదే.

అపోహ: ఒకసారి సరే అన్నాక మాట మార్చకూడదు.

వాస్తవం: మార్చొచ్చు. పాత్ర కాగితం వెనక మూడు వరుసలు రాయిస్తాను: అడక్కుండా వాడుకోవచ్చు, అడిగి వాడాలి, అస్సలు వద్దు. బిడ్డను పోగొట్టుకోవడం, ఇంట్లో హింస లాంటివి చాలామంది మూడో వరుసలో పెడతారు, ఎందుకని నేను అడగను. బల్ల మధ్య జాన్ స్టావ్‌రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ కూడా ఉంటుంది. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సంగతి అక్కడితో ఆపేస్తాం, కారణం చెప్పక్కర్లేదు. కొత్త సెషన్ మొదలయ్యే ముందు ఆ మూడు వరుసలు మళ్లీ చూసుకోమంటాను. కొందరు ఒకదాన్ని కిందికి దించుతారు, కొందరు పైకి తెస్తారు.