ప్రీయాంప్ డాబా మీదా, బల్ల మీదా?

డీటీహెచ్ డిష్ ముందు కడ్డీ చివర చిన్న డబ్బా ఉంటుంది, చూశారా? అదే ఎల్‌ఎన్‌బీ. ఉపగ్రహం పంపిన నీరసమైన సిగ్నల్‌ను అక్కడికక్కడే పెంచి, ఫ్రీక్వెన్సీ తగ్గించి కిందికి పంపుతుంది. ఆ పని టీవీ పక్కన పెట్టెలో చేద్దామంటే కుదరదు. 10 గిగాహెర్ట్జ్ దాటిన సిగ్నల్ ఆ సన్న కేబుల్‌లో దిగేలోపే చాలావరకు హరించుకుపోతుంది.

హామ్ రేడియో, అంటే లైసెన్సుతో సరదాగా నడిపే రేడియోలో, సిగ్నల్‌ను రిసీవర్ కన్నా ముందే పెంచే ప్రీయాంప్‌కీ ఇదే లెక్క. కేబుల్‌లో తగ్గినదాన్ని కింద పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. పెంచొచ్చు, కానీ అప్పటికే కలిసిన రొద కూడా దానితోపాటే పెరుగుతుంది. కలిసిన రొదను విడదీయలేం. మొదటి మెట్టులోనే సిగ్నల్‌ను బాగా పెంచితే తర్వాతి మెట్ల రొద దాని ముందు చిన్నదైపోతుందని 1944లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన హెరాల్డ్ ఫ్రిస్ సూత్రంగా రాశారు.

435 మెగాహెర్ట్జ్‌లో లెక్క వేద్దాం. కేబుల్ నష్టం 3 డెసిబెల్స్, అంటే సగం సిగ్నల్ దారిలోనే పోయినట్టు. రిసీవర్ నాయిస్ ఫిగర్, అంటే అది తనవంతుగా కలిపే రొద కొలత, 6 డెసిబెల్స్; ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రీయాంప్ లేకపోతే మొత్తం 9. నాయిస్ ఫిగర్ 1 ఉండి, 20 డెసిబెల్స్ పెంచే ప్రీయాంప్‌ను బల్ల మీద పెడితే దాదాపు 4.1. అదే ప్రీయాంప్‌ను యాంటెనా దగ్గర బిగిస్తే 1.2! కేబుల్ నష్టం దాదాపు మాయమైంది. నాకు ఇప్పటికీ ఇది అద్భుతంగానే ఉంటుంది.

అన్ని బ్యాండ్లలో ఇంత లాభం ఉండదు. శ్రీహరికోట నుంచి 2005 మే 5న వెళ్లిన హామ్‌ల ఉపగ్రహం హామ్‌శాట్ 145 మెగాహెర్ట్జ్‌లో వినిపించేది. అక్కడ ఆకాశపు రొదే 435లో కన్నా ఎక్కువ, కాబట్టి లాభం తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్‌లోనైతే ప్రీయాంప్ కొనొద్దనే చెబుతాను. ఉరుముల రొద, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల రొద ముందే రిసీవర్ రొదను ముంచేస్తాయి. అనుమానముంటే రిసీవర్ నుంచి యాంటెనా కేబుల్ తీసి చూడండి. రొద బాగా తగ్గిందంటే మీ రిసీవర్ చాలు.

పైన పెట్టాక అసలు టెన్షన్ ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడే. 50 వాట్లు ఎదురుగా వస్తే ప్రీయాంప్ ట్రాన్సిస్టర్ క్షణంలో కాలిపోతుంది. అందుకే ముందు రిలే (కరెంటుతో మారే స్విచ్) ప్రీయాంప్‌ను పక్కకు తప్పించాలి, ఆ తర్వాతే పవర్ వెళ్లాలి. ఈ వరుస తప్పకుండా చూసే సీక్వెన్సర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఇక వాన. కనెక్టర్లకు రబ్బరు టేపు గట్టిగా చుట్టి, కేబుల్‌ను డబ్బా కింద ఒక వంపు తిప్పి కట్టండి. జారిన నీటిచుక్క కనెక్టర్ దాకా పోకుండా ఆ వంపు అడుగునే రాలిపోతుంది.