పువ్వు స్వభావం, విత్తనం బరువు: రాయలసీమ పొలాల్లో ఒక అర్థశాస్త్రం

కర్నూలు నల్లరేగడిలో పత్తి వేసే రైతు ఎకరాకు కావలసిన విత్తనాన్ని చేతిసంచిలో ఇంటికి తెచ్చుకుంటాడు. పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తి వచ్చిన తొలి ఏళ్లలో ఒక్కో పొట్లంలో ఉన్నది 450 గ్రాములే. అదే అనంతపురం ఎర్రనేలలో వేరుశనగ వేయాలంటే ఎకరాకు 60 నుంచి 75 కిలోల పప్పులు కావాలి. అయిదెకరాల రైతుకు కాయల రూపంలో అది ఇంచుమించు అయిదు క్వింటాళ్లు. జీవసాంకేతిక విజ్ఞానం ఒక పంటకు అంది, మరో పంటకు ఎందుకు అందలేదో తెలుసుకోవాలంటే ప్రయోగశాలల కంటే ముందు ఈ బరువుల తేడాను చూడాలని నా అభిప్రాయం.

పత్తిలో రెండు భిన్న రకాలను కలిపి సంకరం చేయవచ్చు. నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లో విత్తన పత్తి పండించే కుటుంబాలకు ఈ పని బాగా తెలుసు: సాయంత్రం ఆడ వరుసల్లోని మొగ్గల నుంచి కేసరాలు తీసివేసి, మర్నాడు ఉదయం మగ పువ్వుల పుప్పొడిని చేత్తో అంటిస్తారు. అలా పండించిన ఒక్క ఎకరం విత్తనం కొన్ని వందల ఎకరాలకు సరిపోతుంది. పైగా సంకర పంట నుంచి తీసిన గింజను మళ్లీ వేస్తే మొక్కలు ఒకేలా రావు, దిగుబడి పడిపోతుంది. అందువల్ల రైతు ఏటా కొత్త పొట్లం కొనవలసిందే. పరిశోధనకు పెట్టిన ఖర్చును వెనక్కి రాబట్టుకోవడానికి కంపెనీకి ఇంతకంటే గట్టి హామీ అక్కర్లేదు. మన పేటెంట్ చట్టం మొక్కలకు, విత్తనాలకు పేటెంట్ ఇవ్వదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి హక్కు ఇచ్చింది. చట్టం ఇవ్వని రక్షణను కంపెనీకి పత్తి సంకరం ఇచ్చింది.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ఆ జన్యువు రైతుకు సంకర విత్తనంగానే చేరింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన ఆ జన్యువు మొక్కలోనే కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. తొలినాళ్లలో పొట్లం ధర 1,600 రూపాయలు దాటగా, అందులో 1,250 రూపాయలు ఆ జన్యువు వాడుకున్నందుకు కట్టే సాంకేతికత రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ విషయాన్ని గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ ముందుకు తీసుకువెళ్లి, ఆ తర్వాత ధరను 750 రూపాయలకు దించింది. 2016లో కేంద్రం, రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2 పత్తి పొట్లానికి 800 రూపాయల ధర, అందులో 49 రూపాయల రుసుము నిర్ణయించింది. 2020 నాటికి రుసుమును పూర్తిగా తీసేసింది. రైతుకు ఇది ఊరటే, కాదనలేం. అయితే అప్పటికే గులాబీ రంగు పురుగు రెండు బీటీ ప్రోటీన్లనూ తట్టుకోవడం నేర్చుకుంది, వాటి స్థానంలో కొత్త జన్యువేదీ అనుమతి పొంది మన పొలాలకు రాలేదు. ధరను తగ్గించే ప్రభుత్వం ఆ లోటు పూడ్చే పరిశోధనకు తన ఖజానా నుంచి డబ్బు పెట్టవలసి ఉండింది. మొదటి పని జరిగినంత గట్టిగా రెండోది జరగలేదు.

వేరుశనగ దారి వేరు. దాని పువ్వు విచ్చుకునే లోపే తనలో తాను పరాగ సంపర్కం చేసుకుంటుంది, ఆ తర్వాత ఊడ నేలలోకి దిగి కాయ కడుతుంది. తల్లి గుణమే బిడ్డకు వస్తుంది కాబట్టి ఒకసారి మంచి విత్తనం దొరికిన రైతు మళ్లీ కొనవలసిన అవసరం తక్కువ. కొనేవాడు తిరిగి రాని సరుకు మీద ఏ కంపెనీ పరిశోధన చేస్తుంది? ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా పండిన ఈ పంటకు దశాబ్దాల పాటు దిక్కయినది 1940లో తమిళనాడులోని తిండివనంలో విడుదలైన టీఎంవీ-2 రకం. దాన్ని పక్కకు నెట్టిన కదిరి-6 రకం 2005లో కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. అది ప్రభుత్వ కేంద్రం. ఈ పంటకు వేరే దారి లేదు కూడా.

2000 సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు అనంతపురంలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను తాకినప్పుడు మంచి రకాల విషయంలో ఈ పేదరికం బయటపడింది. వయ్యారిభామ పుప్పొడితో, తామర పురుగులతో వ్యాపించే ఆ వైరస్‌ను తట్టుకునే రకం రైతు చేతిలో లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కరవును తట్టుకునే జన్యువు చేర్చిన వేరుశనగ మొక్కలు తయారయ్యాయి గానీ అవి పొలం దాకా రాలేదు. జన్యుమార్పిడి పంటకు అనుమతి రావాలంటే చేయవలసిన భద్రతా పరీక్షల ఖర్చును పత్తి మీద కంపెనీ రాబట్టుకోగలదు. అమ్మకాల ఆదాయం లేని ప్రభుత్వ సంస్థకు ఆ ఖర్చు ఎవరు తిరిగి ఇస్తారు? దేశంలో వాణిజ్యపరంగా సాగవుతున్న జన్యుమార్పిడి పంట నేటికీ పత్తి ఒక్కటే.

జన్యుమార్పిడి ఒక్కటే మార్గం కాదని కూడా చెప్పాలి. గుజరాత్‌లోని జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ, ఇక్రిశాట్ కలిసి, కావలసిన గుణమున్న మొక్కను పట్టిచ్చే జన్యు గుర్తుల సాయంతో ఎంపిక చేసిన గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాల నూనెలో దాదాపు 80 శాతం ఓలిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లమే ఉంటుంది, ఆ నూనె త్వరగా చెడిపోదు. 2022 మార్చిలో కేంద్రం, బయటి జన్యువు చేర్చకుండా మొక్క సొంత జన్యువునే సవరించిన పంటలకు కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో అలాంటి రెండు వరి రకాలను ప్రకటించారు, వాటిలో ఒకటి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థది. అనుమతి ఖర్చు తగ్గితే వేరుశనగ వంటి పంటలకే ఎక్కువ మేలు.

అయితే ఎంత గొప్ప రకమైనా చివరకు ఎకరాకు కావలసిన ఆ 70 కిలోల దగ్గరే ఆగుతుంది. ఒక కిలో విత్తనం సీజన్‌కు ఎనిమిది రెట్లు అవుతుందనుకుందాం. వర్షాధారంలో అంత రావడమే భాగ్యం. చేతిలో ఒక్క క్వింటా కొత్త విత్తనం ఉంటే, పది లక్షల ఎకరాలకు సరిపడా అంటే ఏడు లక్షల క్వింటాళ్లు కావడానికి, మధ్యలో ఒక్క గింజ కూడా నూనె గానుగకు పోకున్నా, ఏడు సీజన్లు పడుతుంది. మధ్యలో ఒక్క కరవు వస్తే లెక్క మళ్లీ వెనక్కి పోతుంది. ఏటా ఏరువాకకు ముందు రాయితీ కాయల కోసం రైతులు నిలబడే వరుసలకు మూలం ఇక్కడే ఉంది.  పదేళ్ల లోపు విడుదలైన రకాలకు ఎక్కువ రాయితీ, ముప్ఫై ఏళ్లు దాటిన వాటికి ఏమీ లేకుండా చేస్తే అదే ఖర్చుతో కొత్త విత్తనానికి గిరాకీ పుడుతుందని నేను నమ్ముతున్నాను.

గుబురుగా పెరిగే గుత్తి రకాల వేరుశనగ గింజకు నిద్రావస్థ, అంటే కోశాక కొన్నాళ్లు మొలకెత్తకుండా ఉండే దశ, దాదాపు ఉండదు కాబట్టి రబీలో బోర్ల కింద పండించిన కాయను వెంటనే ఖరీఫ్‌లో వేయవచ్చు. ఏడాదికి రెండు సీజన్లు దొరికితే ఏడు సీజన్లు మూడున్నర ఏళ్లలో పూర్తవుతాయి. అందుకు విత్తన కాయను ఏ ధరకు కొంటారో రబీ విత్తనం పడక ముందే, బోరున్న రైతుకు రాతపూర్వకంగా చెప్పాలి.