కూరకు కోసే కాయ, విత్తుకు వదిలే కాయ

పెరట్లో కాసిన కూరగాయల నుంచి సొంతంగా విత్తనం తీద్దామనుకున్నవాళ్లకు మొదట తెలియాల్సిన సంగతి ఒకటుంది. వంటకు పనికొచ్చే కాయ చాలావరకు విత్తనానికి పనికిరాదు. బెండ, బీర, వంకాయ, కీరదోస లాంటివన్నీ మనం లేతగా, లోపల గింజ ముదరకముందే కోసేస్తాం. విత్తనం కావాలంటే బెండకాయ చెట్టు మీదే ఎండి అంచుల వెంట నెర్రెలు విచ్చాలి. వంకాయ నిగనిగ పోయి పసుపు తిరిగి మెత్తబడాలి. సొరకాయ ఊపితే లోపల గింజలు గలగలమనాలి. టమాటా, పండుమిరప, గుమ్మడి మాత్రం మనం కోసే వేళకే గింజ దాదాపు తయారై ఉంటుంది. అందుకే కొత్తవాళ్లు టమాటాతో మొదలుపెడితే పెద్ద టెన్షన్ ఉండదు.

మొక్కకు మన వంటతో పనిలేదు. దాని ధ్యాసంతా గింజ మీదే. దోసపాదు మీద ఒక్క కాయను ముదరనిచ్చినా, ఎదుగుతున్న ఆ గింజలు ఆహారాన్ని తమవైపు లాక్కుంటాయి. అక్కడి నుంచి వెళ్లే హార్మోన్ల సంకేతాల వల్ల కొత్త పిందెలు వెనకబడతాయి. లేతకాయలు ఎప్పటికప్పుడు కోసేస్తే తీగ మళ్లీ మళ్లీ పిందె వేస్తుంది. ఇంట్లో తినగా మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇచ్చేయడం మంచితనమే, కాపు ఆగకుండా చూసుకునే ఉపాయం కూడా అదే.

అందుకే కోసేందుకు కొన్ని మొక్కలు, విత్తనానికి కొన్ని మొక్కలు అని కాపు మొదట్లోనే విడదీసుకోవడం మేలు. చాలామంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: మంచివన్నీ తినేసి, పంచేసి, చివర్లో ఆకుల చాటున మిగిలిపోయిన గిడసకాయను విత్తనానికి వదిలేస్తారు. ఏ మొక్క గింజ దాస్తే వచ్చే ఏడు తోటలో దాని లక్షణాలే పెరుగుతాయి. పాలకూరలో అందరికన్నా ముందు పూతకొచ్చిన మొక్క నుంచే విత్తనం తీస్తూ పోతే, కొన్నేళ్లకు ఆకు కోసుకునే లోపే పూతకొచ్చే పాలకూర మిగులుతుంది. ఇంకో మాట, చూడాల్సింది కాయను కాదు, మొక్కను. ఒకే మొక్క మీది పెద్దకాయకూ చిన్నకాయకూ తల్లి ఒక్కటే. తెగులు తట్టుకుని, ఎక్కువ రోజులు బాగా కాసిన మొక్కకు ముందే ఓ రంగు దారం కట్టేయండి.

తల్లిని మనం ఎంచుకున్నాం సరే, తండ్రిని ఎంచుకునేది తేనెటీగ. టమాటా, బఠానీ, బీన్స్ లాంటివి ఎక్కువగా తమ పుప్పొడితోనే గింజ కడతాయి, వాటితో ఇబ్బంది తక్కువ. వంగ, మిరప, బెండల్లో కొంత కలగలుపు జరుగుతుంది. గుమ్మడి, దోస, సొర, బీరల్లో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు కాబట్టి పుప్పొడి ఏ మొక్క నుంచి వచ్చిందో చెప్పలేం. ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది: పక్కన కాకర పాదు ఉంటే దోసకాయ చేదెక్కుతుందని. అసలు కాకర పుప్పొడితో దోస గింజ కట్టదు. పైగా కాయ కండ మొత్తం తల్లి మొక్కదే, పుప్పొడి ఎక్కడిదైనా ఈ ఏటి రుచి మారదు. కలగలుపు జరిగేది లోపలి గింజలో, అది బయటపడేది ఆ గింజ మొలిచి కాసినప్పుడు. మొక్కజొన్న మాత్రం దీనికి మినహాయింపులా కనిపిస్తుంది. అందులో మనం తినేదే గింజ కాబట్టి పసుపు, తెలుపు రకాలు పక్కపక్కన వేస్తే ఆ ఏడే కండె మీద రంగులు కలిసిపోతాయి.

రకం చెడకూడదంటే తేనెటీగ పని మనమే చేయాలి. గుమ్మడి మొగ్గ మర్నాడు విచ్చుకుంటుందనగా కొన పసుపు తిరుగుతుంది. ఆ సాయంత్రమే వెనక చిన్న పిందె ఉన్న ఆడమొగ్గనూ, అదే రకం మగమొగ్గనూ విచ్చుకోకుండా దారంతో కట్టేయాలి. పొద్దున్నే మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రానికి నాలుగువైపులా రుద్దాలి. రేకులు మళ్లీ మూసి కట్టి, తొడిమకు గుర్తు పెట్టాలి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి ఆ వేళే చేయాలి.

ఈ శ్రమంతా ఎందుకు అనిపిస్తే చేదు సంగతి గుర్తుంచుకోండి. ఈ జాతి అడవి మొక్కల్లో, అందానికి పెంచే కొన్ని గుమ్మడి రకాల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఉంటుంది. వాటి పుప్పొడి తోటలోని గుమ్మడికి తగిలితే తర్వాతి తరం కాయల్లో ఆ చేదు తిరిగి రావచ్చు. వండినా అది పోదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సొర, గుమ్మడి, దోస ఏదైనా సరే, మామూలుగా లేని చేదు తగిలితే ఉమ్మేయాలి. ఆ కాయ ఎవరికీ ఇవ్వకూడదు, దాని గింజ అసలే ఇవ్వకూడదు.

రెండు వేర్వేరు రకాలను కలిపి తీసే హైబ్రిడ్ విత్తనాల గొడవ వేరు. బఠానీల మీద మెండెల్ 1866లో ప్రచురించిన ఫలితమే ఇక్కడా వర్తిస్తుంది. పసుపు, ఆకుపచ్చ గింజల రకాలను కలిపితే మొదటి తరం అంతా పసుపే. రెండో తరంలో దాదాపు నాలుగోవంతు గింజలు ఆకుపచ్చగా తేలాయి. హైబ్రిడ్ టమాటా గింజ దాచి నాటినా అంతే, మొక్కకో తీరు వస్తుంది. తమాషాగా చూడ్డానికి బాగుంటుంది కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ సంగతి చెప్పి ఇవ్వాలి.

టమాటా గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియనిస్తే ఆ జిగురు విడిపోతుంది, మునిగిన గింజలను కడిగి నీడన ఆరబెట్టాలి. ఏ విత్తనానికైనా పెద్ద శత్రువు తేమే. విత్తన నిల్వకు హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఉజ్జాయింపు లెక్క ప్రకారం గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది, వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతే. సరిగ్గా ఆరిన చిక్కుడు గింజను సుత్తితో కొడితే పగలాలి, నొక్కుకుపోకూడదు. అలా ఆరాకే గాలి చొరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు, తీస్తే గాలిలోని తేమ గింజల మీద చేరుతుంది.

ఎంత జాగ్రత్తగా దాచినా ఒకే చోట ఉన్న విత్తనం ఒక్క వానకో, ఒక్క ఎలుకకో పోతుంది. 2008లో నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో తెరిచిన విత్తన ఖజానా పని కూడా ఇతరుల విత్తనాలకు నకళ్లు ఉంచడమే. సిరియా యుద్ధం వల్ల అలెప్పో దగ్గరి విత్తన నిధి అందుబాటులో లేకుండా పోతే, దాన్ని నడిపే సంస్థ 2015లో స్వాల్‌బార్డ్‌లో దాచిన తన విత్తనాలను వెనక్కి తీసుకుని మళ్లీ పండించుకుంది. పెరటి తోటకు ఆ పని నలుగురు తెలిసినవాళ్లు చేసిపెడతారు. మన దగ్గర పోయినా వాళ్ల దగ్గర దొరుకుతుంది.

విత్తనంతో పాటు రోగమూ చేతులు మారుతుంది. టమాటా, బీన్స్‌లలో ఆకుల మీద పసుపు మచ్చలు తెచ్చే కొన్ని వైరస్‌లు గింజ ద్వారానే తర్వాతి పంటకు చేరతాయి, అలాంటి మొక్కల గింజ పంచకూడదు. పొట్లం మీద రకం పేరు, తీసిన సంవత్సరం, పక్కన ఏ రకాలు పూశాయో రాయాలి. ఉల్లి విత్తనాన్ని మాత్రం తర్వాత చూద్దాంలే అని దాచకుండా ముందే పంచేయాలి. టమాటా గింజ బాగా ఆరితే నాలుగైదేళ్లు ఆగుతుంది కానీ ఉల్లికి ఏడాది రెండేళ్లకే మొలిచే శక్తి బాగా పడిపోతుంది. పాత గింజల మీద అనుమానముంటే పదింటిని తడిబట్టలో చుట్టి కొన్నాళ్లు చూడండి. ఆరే మొలిస్తే ఆ లెక్క కూడా పొట్లం మీద రాస్తే, తీసుకున్నవాళ్లు కాస్త ఒత్తుగా చల్లుకుంటారు.