సీసా ముందు వైపు కాదు, వెనక వైపు చదవండి: విస్కీపై అపోహలు - వాస్తవాలు

నా ఉద్యోగం వేరే, ఇది పిచ్చి. ఫుల్ బాటిల్ 2,000 రూపాయల లోపు దొరికే విస్కీలు కొని, రుచి చూసి, ఒక స్కూల్ నోట్‌బుక్‌లో పదికి మార్కులు వేస్తుంటాను. ఒకసారి కూర్చుంటే నాలుగు రకాలు, ఒక్కోటి 15 మిల్లీలీటర్లు. అన్నీ కలిపితే ఒక్క లార్జ్ పెగ్గు. "అదృష్టవంతుడివిరా" అంటారు స్నేహితులు. నా నోట్‌బుక్‌లో సగం పేజీలు నాలుగు మార్కులు దాటలేదని వాళ్లకు తెలియదు. పెళ్లిళ్లలో, పార్టీల్లో పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: రేటు ఎక్కువైతే సరుకు మంచిది

ఎమ్మార్పీలో సీసాలో ఉన్న ద్రవం వాటా కొంతే. తాగే మద్యం జీఎస్టీలోకి రాదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. అందుకే అదే బ్రాండ్ గోవాలో ఒక రేటు, హైదరాబాద్‌లో ఒక రేటు, మిలిటరీ క్యాంటీన్‌లో ఇంకో రేటు. స్కాచ్, అంటే స్కాట్లండ్ విస్కీ మీద కేంద్రం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అది ముందు 75కి, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. రేటు దిగిన రోజున ఆ స్కాచ్ రుచి కూడా దిగిపోతుందా?

ఇది నేను నా ముక్కు మీదే తేల్చుకున్నాను. ఒకసారి మా బావమరిది విదేశం నుంచి వస్తూ ఎయిర్‌పోర్టులో పెద్ద బాటిల్ తెచ్చాడు. దాన్నీ, మా వీధి వైన్స్‌లో కొన్న మూడింటినీ మా ఆవిడ వంటగదిలో గ్లాసుల్లో పోసి, అడుగున నంబర్ల చీటీలు అంటించి తెచ్చిపెట్టింది. ఏది ఏదో మాకు తెలియదు. వాసన చూశాం, రుచి చూశాం, విడివిడిగా మార్కులు రాసుకున్నాం. చీటీలు విప్పితే ఎయిర్‌పోర్టు సీసాకు మా ఇద్దరి దగ్గరా మూడో స్థానం. "బావా, నీ ముక్కు పాడైపోయింది" అన్నాడు వాడు. మరి వాడి ముక్కు? అప్పటి నుంచి చీటీలు లేకుండా నేను మార్కులు వేయను. లేబుల్ కనిపిస్తే కనీసం ఒక మార్కు దానికే పోతుంది.

అపోహ: మన విస్కీ అంతా స్పిరిట్‌లో రంగు కలిపిందే

సగం నిజం, అందుకే ఇది మొండి అపోహ. మన దగ్గర చౌకగా దొరికే విస్కీల్లో ఎక్కువ భాగం ఈఎన్‌ఏ. అంటే చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచో, నూకలు, మొక్కజొన్న లాంటి ధాన్యం నుంచో తీసి, దాదాపు 96 శాతం దాకా శుద్ధి చేసిన ఆల్కహాల్. అంతగా శుద్ధి చేశాక చెరకు వాసనా మిగలదు, ధాన్యం వాసనా మిగలదు. దానికి కొంత మాల్ట్ విస్కీ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో చేసింది), నీళ్లు, రంగు కోసం కారమెల్ కలుపుతారు. మొలాసిస్‌తో చేసినదాన్ని యూరప్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. మన నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇందులో మోసం లేదు, వెనక లేబుల్ మీద పదార్థాల వరుసలో రాసే ఉంటుంది. ఏ స్పిరిటో, మాల్ట్ ఉందో లేదో అక్కడ చూడండి. నా నోట్‌బుక్‌లో ధాన్యం స్పిరిట్‌కు స్కాచ్ మాల్ట్ కలిపినవే తరచూ పైన ఉంటాయి.

మిగతా సగం చూద్దాం. బెంగళూరు అమృత్ వాళ్లు సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే డిస్టిలరీలో బార్లీ మాల్ట్‌తోనే చేసిన విస్కీని, 2004లో ఏకంగా స్కాట్లండ్‌లోని గ్లాస్గోకే తీసుకెళ్లి విడుదల చేశారు. తర్వాత గోవా నుంచి పాల్ జాన్ వచ్చింది. ఇవి నా బడ్జెట్‌లో పట్టవు, ఎవరైనా పోస్తే కాదనను.

రంగు విషయానికొస్తే, స్కాచ్‌లో కూడా కారమెల్ కలపడానికి అనుమతి ఉంది. అమెరికా విస్కీ బోర్బన్‌లో లేదు. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఊరి అది ఆ ఎరుపు తెచ్చుకుంటుంది. కాబట్టి ముదురు రంగు చూసి "పాత సరుకు" అనుకోవద్దు.

అపోహ: లేబుల్ మీద 75 డిగ్రీలంటే 75 శాతం ఆల్కహాల్

కాదు. అది పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్క. వాళ్ల 100 ప్రూఫ్ అంటే మన లెక్కలో 57.1 శాతం. దాంట్లో నూటికి 75 వంతులు లెక్కేస్తే 42.8. మన సీసాల మీద ఆ వింత దశాంశం ఎందుకుంటుందా అని ఎప్పుడైనా అనుకున్నారా? ఇదే కారణం. '25 యు.పి.' (అండర్ ప్రూఫ్, అంటే 100 ప్రూఫ్‌కు 25 తక్కువ) అన్నా అదే.

అపోహ: నీళ్లు కలిపితే విస్కీని అవమానించినట్టే

ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. స్కాట్లండ్‌లో బ్లెండింగ్ చేసేవాళ్లు, అంటే రకరకాల పీపాల విస్కీలను కలిపేవాళ్లు, వాసన చూడటానికి విస్కీని దాదాపు 20 శాతానికి పలచన చేస్తారు. ఆల్కహాల్ ఘాటు తగ్గితేనే ముక్కుకు మిగతావి తెలుస్తాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో దీని కారణం చూపించారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ మరీ ఎక్కువగా ఉంటే దాని మధ్యలో ఇరుక్కుంటుంది, నీళ్లు కలిపేకొద్దీ పైకి చేరుతుంది.

నేను ముందు నీళ్లు లేకుండా వాసన చూస్తాను. తర్వాత చెంచాతో కొన్ని చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగుతాను. అప్పటిదాకా ముక్కు మండించిన సరుకులోంచి ఒక్కోసారి బెల్లం పాకం, వేయించిన జీడిపప్పు, తడి చెక్క బయటికొస్తాయి. అసలేమీ రాకపోతే అదీ సమాచారమే. పుస్తకాల్లో రాసే బెర్రీలూ, ప్లమ్ పళ్లూ నాకు తెలియవు. పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసే బొగ్గులాంటి మట్టి) పొగతో ఆరబెట్టిన బార్లీ విస్కీ మొదటిసారి వాసన చూసినప్పుడు నోట్‌బుక్‌లో "కుంపటి, టించర్ అయోడిన్" అని రాసుకున్నాను. ఇప్పటికీ అంతకంటే మంచి మాట దొరకలేదు.

ఇక ఐసు. రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలనే మాట చలిదేశపు గదులను చూసి పుట్టింది. మే నెలలో హైదరాబాద్ గది 36 డిగ్రీలుంటే అది వేడి విస్కీ. ఒక ముక్క ఐసు వేసుకోండి, ఎవరూ ఏమీ అనరు. మార్కులు వేసేటప్పుడు మాత్రం నేను ఐసు వేసుకోను, చల్లదనం లోపాలను కప్పేస్తుంది.

అపోహ: గొంతులో మంట లేకుండా స్మూత్‌గా దిగితే మంచి విస్కీ

మంట లేదంటే ఒక్కోసారి రుచి కూడా లేదనే అర్థం. బాగా శుద్ధి చేసిన స్పిరిట్ నీళ్లలా దిగిపోతుంది. నేను చూసేది మింగాక నోట్లో ఏం మిగిలింది, ఎంతసేపు మిగిలింది అని.

అపోహ: మంట పెడితే, సీసా ఊపితే అసలుదో నకిలీదో తెలుస్తుంది

మూతలో పోసి అగ్గిపుల్ల గీసి చూపించేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. మండితే అందులో ఆల్కహాల్ ఉందని తెలుస్తుంది, అంతే. కల్తీలో ప్రాణాలు తీసే మిథనాల్ కూడా మండుతుంది. సీసా ఊపితే గొలుసు కట్టే బుడగలు ఘాటు గురించి కొంత చెబుతాయి గానీ, లోపల ఏముందో చెప్పవు. లైసెన్సు ఉన్న షాపులో కొనడం, సీలు, ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కర్ చూసుకోవడం తప్ప ఇంట్లో చేయగల పరీక్ష లేదు. అనుమానం వస్తే రుచి చూసి తేల్చుకోవాలనుకోకండి, పారబోయండి.

అపోహ: జలుబుకు రెండు చుక్కలు, గుండెకు ఒక పెగ్గు

ఒంట్లో వేడి పుట్టినట్టనిపించడానికి కారణం చర్మం కింది రక్తనాళాలు వెడల్పవడం. నిజానికి శరీరం లోపలి వేడి బయటికి పోతోంది. గుండె సంగతంటారా, ఇంత తాగితే ఆరోగ్యానికి ప్రమాదం లేదని చెప్పగల పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది. రుచి కోసమైతే రుచి కోసం అని ఒప్పుకుందాం, మందు పేరు పెట్టొద్దు.

అపోహ: సీసా ఎంత పాతదైతే అంత విలువ

విస్కీ పీపాలోనే ఊరుతుంది. సీసాలోకి దిగాక వయసు ఆగిపోతుంది. లేబుల్ మీద 12 ఏళ్లని ఉంటే, అందులో కలిపినవాటిలో అతి చిన్నదాని వయసు 12 అని అర్థం. ఇరవయ్యేళ్లు దాచినా అది 12గానే ఉంటుంది. ఆ అంకె కూడా ప్రాంతాన్ని బట్టి చూడాలి. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏటా 2 శాతం ఆవిరైతే, బెంగళూరు ఎండకు 10 శాతం పైనే పోతుంది. అక్కడ పన్నెండేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది అడుగు బొడుగే.

మా మామగారి బీరువాలో, పట్టుచీరల వెనక, మా పెళ్లినాటి సీసా ఒకటుండేది. "పాతబడనీ అల్లుడూ, దాని విలువ పెరుగుతుంది" అనేవారు. అంతకుముందెప్పుడో మూత తీసి ఒక పెగ్గు వాడారని ఆయన మర్చిపోయారు. కిందటి సంక్రాంతికి తీసి చూస్తే మూడో వంతు లేదు. మిగిలిన దాంట్లోంచి కొంచెం కలరా ఉండల వాసన వచ్చింది. నోట్‌బుక్‌లో రెండు మార్కులు వేశాను. ఆయనకు ఆరు అని చెప్పాను.