డ్యూటీ దిగినా దిగని నిఘా

ఒంగోలులో కిస్తీలు వసూలు చేసే కుర్రాళ్లు, నెల్లూరులో మెడికల్ రెప్‌లు, రొయ్యల చెరువుల చుట్టూ తిరిగే మేత కంపెనీల టెక్నీషియన్లు... ఇలాంటి తిరుగుడు ఉద్యోగాల్లో సొంత ఫోన్లో ఆఫీసు యాప్, అందులో లొకేషన్ ఇప్పుడు మామూలైపోయాయి. డ్యూటీ అయ్యాక కూడా అది ఆన్‌లోనే ఉంటే, ఆ మనిషి ఆదివారం ఎవరింటికి వెళ్లాడో కూడా కంపెనీకి తెలిసిపోతుంది.

పని చేయించుకునేవాడికి మన మీద ఎంతవరకు హక్కు ఉంది అన్న తగాదా పాతదే. పాలేరుకు డ్యూటీ వేళలు ఉండేవి కావు. ఏడాదికి ఇంత అని ఒప్పుకున్నాక పగలూ రాత్రీ ఆసామి ఇంటివే. అప్పు కింద చేయించుకునే వెట్టిచాకిరీని 1976లో గానీ చట్టం రద్దు చేయలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని గీత గీసింది. గేటు దాటాక కార్మికుడి టైం కార్మికుడిదే. పొలం పనికి ఆ గీత రాలేదు.

ఉద్యోగి ఒంటి సంగతులు అడగడం మీద సుప్రీంకోర్టు 1991లో గట్టిగానే మాట్లాడింది. నెలసరి, గర్భం వివరాలు దాచిందని ఎల్‌ఐసీ ఒక ఉద్యోగినిని తీసేస్తే, కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ ప్రశ్నలను ఫారం నుంచే తీసేయమంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే తీర్పు ఇదే.

అసలు గోప్యత హక్కే ఎటూ తేలకుండా ఉన్న రోజులవి. 1962లో పోలీసు నిఘా మీద వచ్చిన ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ జడ్జీలు అలాంటి హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. అదే కేసు విన్న జడ్జి, మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు మాత్రం ఉందని విడిగా రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆయన మాటే నిలబెట్టారు.

2022 ఆగస్టులో రాష్ట్రంలో టీచర్లకు ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు, సొంత ఫోన్లో ఎందుకు వేసుకోవాలని సంఘాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్న. టీచర్లకు సంఘాలున్నాయి కాబట్టి అడగగలిగారు. కిస్తీల కుర్రాడి తరఫున అడిగేదెవరు?

2017 తీర్పు ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. ప్రైవేటు యజమానిని కట్టడి చేయాలంటే విడిగా చట్టం కావాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ పని సగమే చేసింది. ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి ఉద్యోగి డేటాను అతని అనుమతి లేకుండానే వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో ఉంది. రాత్రి పది గంటల లొకేషన్ ఉద్యోగ అవసరమేనా అన్నది అందులో విడమరిచి చెప్పలేదు. నా దృష్టిలో కాదు. డ్యూటీ దిగగానే యాప్ దానంతటదే ఆగిపోవాలని చట్టంలోనే రాయాలి.